మానేరు ఒడ్డున నలభై రెండు కిలోమీటర్లు, వెనుక ఒక ట్రాక్టరు

“సారూ, మోకాలు కోస్తరట. కోసే ముందుగాల ఒక్కసారి నలభై రెండు ఉరకాలె. వస్తరా?”

ఫోనులో సోమ్లా ఇంతే అన్నాడు. ఎక్కువ మాట్లాడడం ఆయనకు అలవాటు లేదు. నర్మెట్ట దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో మేమిద్దరం ఏళ్ల తరబడి కలిసి పనిచేశాము. నేను తెలుగు చెప్పేవాణ్ణి, సోమ్లా వ్యాయామ ఉపాధ్యాయుడు. ఇద్దరం ఒకే ఏడాది పదవీ విరమణ చేశాము. నేను జనగామలో స్థిరపడ్డాను. ఆయన మహబూబాబాద్ దగ్గరి తన తండాకు వెళ్లిపోయాడు. ఎన్నో తరాల పిల్లలను పరుగు పందేలకు తయారుచేసిన మనిషి, తన కోసం ఒక్క పందెమూ పరుగెత్తలేదు. మెడలో నల్లతాడుకు కట్టిన ఉక్కు ఈలతో ఎప్పుడూ గీతకు ఇవతలే నిలబడ్డాడు. ఇప్పుడు కుడి మోకాలిలో గుజ్జు అరిగిపోయిందని వరంగల్లు దవాఖానలో తేల్చారు. దీపావళి దాటాక శస్త్రచికిత్స. ఆ తరువాత నడవవచ్చు గాని, పరుగు మాట మరచిపోవాలి. నలభై రెండు కిలోమీటర్ల పరుగును ఒక్కసారైనా పూర్తిచేయాలన్న ఆయన కోరికకు మిగిలినది ఆ కొద్ది వారాలే.

వస్తానన్నాను. అనడానికి నాకొక అధికారమూ ఉంది. పదవీ విరమణ తరువాత చక్కెర వ్యాధి పలకరించినప్పుడు, నన్ను నడకలోకి, నడకలోంచి పరుగులోకి దించినవాడు సోమ్లాయే. ఆయన ఫోనులో చెప్పినట్టే బచ్చన్నపేట వైపు చెరువు కట్టల మీద పొద్దున్నే పరుగు సాధన చేసేవాణ్ణి. పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు మొదట్లో నవ్వారు. తరువాత నేను రాని రోజు సారుకు జ్వరమా అని అడిగే వరకు వచ్చారు. ఇరవై, ముప్పై కిలోమీటర్లు పరుగెత్తాను గాని, నలభై రెండు నాకూ కొత్తే.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా సమ్మె నడుస్తున్న రోజులు. బడులు లేవు, ఆఫీసులు లేవు, ఆర్టీసీ బస్సులు లేవు. ఎక్కడ చూసినా రోడ్డు మీద వంటావార్పు. తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను: ఊరి జనమంతా వచ్చి రోడ్డు నడిమధ్యన మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించి, అక్కడే వండి అక్కడే తినడం అప్పటి నిరసన పద్ధతి. పొయ్యి మీది గిన్నె దించేదాకా వాహనం కదలరాదు. కాలినడకన పోయేవాణ్ణి ఆపరు గాని, తినకుండా పోనివ్వరు. ఆ ఉత్సాహంలోనే టేకుమట్ల యువకులు ‘రాష్ట్రం కోసం పరుగు’ అని చాటింపు వేశారు. చలివాగు గట్టు వెంట మానేరు ఒడ్డుకు చేరి, ఒడ్డు వెంటే ఎగువకు వెళ్లి, అదే దారిలో తిరిగి రావడం. పరుగెత్తేవారు నలభై మందికి మించరు. ప్రవేశ రుసుము లేదు. ఎవరి గ్లాసు వారు తెచ్చుకోవాలని మాత్రం చెప్పారు.

ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ మూడు జిల్లాలు. అప్పుడు అన్నీ వరంగల్లు జిల్లాలోనివే. రైలు రోకో లేని రోజు చూసుకొని, జనగామలో పది పన్నెండు రూపాయల టికెట్టుతో ప్యాసింజరు ఎక్కి, మధ్యాహ్నానికి వరంగల్లులో దిగాను. మానుకోట నుంచి, అంటే మహబూబాబాద్ నుంచి, వచ్చిన రైలులో సోమ్లా దిగాడు. వెంట ఆయన భార్య దేవ్లి కూడా దిగింది. చేతిలో ఉప్పు మూట, నువ్వుల నూనె సీసా. ఆమె రావడం ఆయనకు ఇష్టం లేదని ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది. ఈ పరుగు ఆమెకు ఇష్టం లేదని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది.

“మోకాలు ఆయనది గాదు సారూ, నాది. రేపు మంచంల పడితె మోసేది నేనే. నాది నేను సూసుకోను వచ్చిన” అంది.

బస్సులు లేవు కనుక హనుమకొండలో జీపు ఎక్కాము. మామూలు రోజుల్లో తీసుకునే దానికి రెట్టింపుగా, మనిషికి యాభై రూపాయలు పరకాల వరకు. అక్కడ జీపు మారి చిట్యాల మీదుగా టేకుమట్ల. దారిలో రెండు చోట్ల వంటావార్పు దగ్గర ఆగి, రెండు చోట్లా భోజనం చేయవలసి వచ్చింది. మా డ్రైవరు వెనక్కి తిరిగి మా బూట్లు చూసి, ఈ వయసులో ఎవడన్నా తరుముతున్నాడా సారూ అని అడిగాడు. ఆయనను ఆయనే తరుముకుంటున్నాడని దేవ్లి జవాబు చెప్పింది. చీకటి పడకముందే చేరాము.

బడి ముందు బ్యానరు కట్టారు. అందులో ‘మారథాన్’ అన్న మాటను ఎవరో ఇష్టం వచ్చినట్టు రాశారు. రంగు డబ్బా ఎక్కడుందని నేను అడుగుతుండగానే సోమ్లా నా చేయి పట్టుకొని లోపలికి లాక్కుపోయాడు. నిర్వాహకుడు సాంబయ్య సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, నియమాలు చక్కగా చెప్పాడు. పొద్దున ఆరింటికి ఈల. సగం దూరంలో వెనక్కి తిరిగే మలుపు దగ్గర ఒక ట్రాక్టరు సిద్ధంగా ఉంటుంది. అది తొమ్మిదిన్నరకు బయలుదేరి, అందరి వెనుకా మెల్లగా వస్తూ, అలసినవాళ్లను ట్రాలీలోకి ఎక్కించుకుంటుంది. ఎవరినైనా ట్రాక్టరు దాటిందంటే వారి పరుగు అక్కడితో ముగిసినట్టు. ట్రాక్టరు బడి గేటు లోపలికి వచ్చేదాకా గేటు తెరిచే ఉంటుంది, వచ్చాక మూసేస్తారు. ఒంటి గంటకల్లా అది వచ్చేస్తుందని అంచనా. ముప్పై ఏళ్లకు పైగా పరీక్ష గదుల్లో ఒక్క నిమిషం ఎక్కువ ఇవ్వని నాకు ఆ నియమాలు బాగా నచ్చాయి. అంత సూటిగా చెప్పగలిగినవాళ్లు అరుదు.

తరగతి గదిలోనే పడక. దేవ్లి ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి, సోమ్లా మోకాలికి కాపడం పెట్టింది. వాళ్లిద్దరూ తమ ఇంటి భాషలో చాలాసేపు వాదించుకున్నారు. నాకు ఆ భాష రాదు గాని, ఎవరు గెలిచారన్నది అర్థమయ్యింది. సోమ్లా కాలు చాపి, కళ్లు మూసుకొని, నూనె రాయించుకున్నాడు.

తెల్లవారి ఆరు గంటలకు గీత దగ్గర నిలబడ్డాము. అలవాటు కొద్దీ సోమ్లా చేయి ఈల మీదికి పోయింది. దేవ్లి జనంలోంచి వచ్చి, ఆయన మెడలోంచి తాడు తీసి, తన మెడలో వేసుకుంది.

“ఇయ్యాల ఊదేటోనివి గాదు. ఉరికేటోనివి” అంది. అంతవరకు ఆమె ఆ పరుగును పరుగు అననైనా లేదు, పిచ్చి అనే అంది.

మానేరు ఒడ్డు దారి గురించి, అక్కడ పరుగెత్తాలనుకునేవారికి నాలుగు మాటలు చెప్పాలి. ఇంత చదునైన దారిని నేను మరెక్కడా చూడలేదు. అది బండ్లు నడిచి నడిచి మెత్తబడిన ఒండ్రు మట్టి బాట. ఒక పక్క పత్తి చేలు, వరి మడులు. మరో పక్క తుంగ, దాని అవతల విశాలమైన ఇసుక, ఆ ఇసుక మధ్య వానలు వెనుదీసిన తరువాత మిగిలిన నీటి పాయ. గట్టు పొడవునా తంగేడు పూసి ఉంది. మోటారు గదుల నుంచి పొలాలకు పోయే నల్ల పైపులు బాటకు అడ్డంగా పడి ఉంటాయి. వాటిని చూసి అడుగు వేయాలి. ఒడ్డు దిగి ఇసుకలోకి పోవద్దు, పిక్కలు పట్టుకుంటాయి. మొత్తం దారిలో ఎక్కవలసిన ఎత్తు ఏదైనా ఉందంటే, అది ఒక ఒర్రె మీద, అంటే మానేరులో కలిసే చిన్న పాయ మీద, కట్టిన కల్వర్టు మాత్రమే. పొద్దుటి పూట నది మీంచి చల్లగాలి వస్తుంది. సోమ్లా కుడికాలును కొద్దిగా కాచుకుంటూ, గడియారం ముల్లులా ఒకే వేగంతో పరుగెత్తాడు. నేను పక్కనే ఉన్నాను. యువకులంతా కనుమరుగైపోయారు.

వాళ్లు మళ్లీ కనబడడానికి ఎంతోసేపు పట్టలేదు. నిర్వాహకులు ఒడ్డు వెంట ఉన్న ఊళ్లకు కబురు చేస్తూ, పరుగెత్తేవాళ్ల నోట్లోకి ఏదైనా అందించండని చెప్పారట. అంటే నీళ్లో మజ్జిగో అని వాళ్ల భావం. కాని నెల రోజులుగా రోడ్ల మీద వండి వండి ఆ ఊళ్లకు చేయి తిరిగిపోయి ఉంది. పైగా ఎవరి వంటావార్పు బాగుందన్న విషయంలో ఊరికీ ఊరికీ పోటీ. మొదటి ఊరిలో సర్వపిండి, పచ్చి పులుసు. రెండో ఊరిలో ఉడికించిన మక్క కంకులు, ఆపైన బగార అన్నం. నిలబడి తింటామంటే ఒప్పుకోరు. చాప పరిచి ఉంది, కూర్చోవాలి, విస్తరి ముందు పెట్టించుకోవాలి. పరుగు పందెం మధ్యలో బంతి భోజనం నేను అంతకుముందు ఎరుగను. కుర్రవాళ్లు ఆబగా రెండేసి సార్లు పెట్టించుకున్నారు. సోమ్లా మాత్రం ప్రతి చోటా కూర్చొని, ఒక్క ముద్ద తిని, దండం పెట్టి లేచాడు. నేనూ అలాగే చేశాను.

ఒర్రె మీది కల్వర్టు చేరేసరికి అక్కడ ఆడవాళ్లు అప్పుడే పొయ్యి రాళ్లు పేరుస్తున్నారు. ఆ కల్వర్టు మీద తారు రోడ్డు పోతుంది కనుక ఆ రోజు ఆ ఊరి వంటావార్పు అక్కడే. పెద్ద బగోనె పక్కన నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డ పెద్దావిడను అందరూ లచ్చవ్వ అంటున్నారు. మమ్మల్ని ఎగాదిగా చూసి, మీ ఈడువాళ్లు ఇంకా ఎంతమంది వెనుక ఉన్నారని అడిగింది. మేమే ఆఖరు అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు తన పప్పు తినకుండా పోతే కాళ్లు ఇరగ్గొడతానంది. ఒక కాలు ఇప్పటికే ఇరిగింది అవ్వా అన్నాడు సోమ్లా. అప్పటికి అది నవ్వులాటే.

మలుపు దగ్గర తొమ్మిది దాటింది. మా కోసం వేచి ఉన్న ట్రాక్టరును, దాని డ్రైవరు కొమురయ్యను అక్కడే చూశాము. చెప్పిన వేళకే ఇంజను ముట్టించాడు. మేము అప్పటికి మంచి దూరంలో ఉన్నాము. తిరుగు దారిలో ఒక వింత జరిగింది. పొద్దున మమ్మల్ని దాటిపోయిన కుర్రవాళ్లు ఒక్కొక్కరే తుమ్మ చెట్ల నీడల్లో పొట్టలు పట్టుకొని పడుకొని కనబడ్డారు. వాళ్లను దాటుకుంటూ మేము పోతున్నాము. వెనుక ట్రాక్టరు వాళ్లను ఏరుకుంటూ వస్తోంది. కాసేపటికి ట్రాలీ నిండింది. అందులో వాళ్లకు ఓపిక తిరిగివచ్చి ఉద్యమ పాటలు ఎత్తుకున్నారు. మా వెనుక ఒక ఊరేగింపు వస్తున్నట్టు ఉంది.

ముప్పయ్యో కిలోమీటరు దాటాక సోమ్లా మోకాలు మొరాయించింది. కుడి పాదం నేల మీద ఆనిన ప్రతిసారీ ఆయన దవడ బిగుసుకుంటోంది. పరుగు నడక అయ్యింది, నడక కుంటు అయ్యింది. పాటలు దగ్గరగా వినబడసాగాయి. కొద్దిసేపట్లో ట్రాక్టరు ముందు చక్రం మా వెనుక పదడుగుల దూరానికి వచ్చింది.

“సారూ, ఎక్కుర్రి. మీ ఇద్దరికి జాగ ఉంచిన” అన్నాడు కొమురయ్య. వెక్కిరింపు కాదు, నిజంగానే ఇద్దరు కుర్రవాళ్లను జరిపి, గడ్డి మీద గోనెసంచి పరిపించాడు.

సోమ్లా వెనక్కి తిరగలేదు. నేను తిరిగి, నీ ట్రాక్టరుకు ఇంతకంటే మెల్లగా నడవడం రాదా అని అడిగాను.

“గిదే ఫస్టు గేరు సారూ. ఇంక మెల్లగ అంటె బంద్ పడ్తది. నేనేం జేయాలె? ఒంటి గంటకు బడి కాడ ఉండాలెనని సాంబన్న జెప్పిండు. అటెన్క పత్తి లోడు కొట్టేదున్నది.”

అతని తప్పేమీ లేదు. నియమం నియమమే. ఆ నియమాన్ని ముందటి రోజు మెచ్చుకున్నవాణ్ణీ నేనే. సోమ్లా చెవి దగ్గర, ఇంకా ఎంత దూరం పోగలవని అడిగాను.

“మీరు ఉరుకుర్రి సారూ. మీరన్న గేట్ల పడుర్రి. నాది గిక్కడికే రాసిపెట్టినట్టుంది” అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం నేను సహించలేకపోయాను. ఒక్కడినే గేటు దాటి, దేవ్లికి ఏమని చెప్పను? పిల్లలకు కసరత్తు చేయించేటప్పుడు ఆయన ఎలా లెక్కపెట్టేవాడో నాకు కంఠతా వచ్చు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గట్టిగా లెక్కపెడుతూ ఆయన పక్కన నడిచాను. నాలుగైదు విడతలయ్యాక సోమ్లా పెదవి కదిలింది.

“పద్యం సదివినట్టు లెక్కవెడ్తున్నరు సారూ. గట్లయితె పోరగాండ్లు నిద్రవోతరు” అన్నాడు. కాని అడుగు తెగకుండా వేశాడు.

అలా కల్వర్టు చేరాము. ట్రాక్టరు మా వెనుకే ఉంది. కల్వర్టుకు అడ్డంగా మూడు పొయ్యిలు వెలుగుతున్నాయి, చుట్టూ ఊరంతా ఉంది. రెండింటి మీది అన్నం గిన్నెలు దించారు. మూడోదాని మీద లచ్చవ్వ పప్పు బగోనె. ఆవిడ సోమ్లా నడక చూసి, ముఖంలో నవ్వు తీసేసి, ఏమైందని నన్ను అడిగింది. నేను క్లుప్తంగా చెప్పాను: మోకాలికి దవాఖానలో కోత పడబోతోందని, ఇదే ఆయన మొదటి పరుగూ చివరి పరుగూ అని, ఆ ట్రాక్టరు మమ్మల్ని దాటితే అంతా అయిపోయినట్టేనని.

లచ్చవ్వ గంటెతో పప్పు తీసి, అన్నం మీద పోసి కలిపి, ముద్దను తన చేత్తోనే సోమ్లా నోట్లో పెట్టింది. నాకూ ఒకటి పెట్టింది. వేడికి నాలుక చురుక్కుమంది. పప్పు వెన్నలా ఉడికింది. తరువాత ఆవిడ మమ్మల్ని పొయ్యిల పక్కనుంచి కల్వర్టు అంచున అవతలికి నెట్టి, గంటె పట్టుకొని ట్రాక్టరుకు ఎదురుగా నిలబడింది.

“బండ్లు ఆగాలె. పొయ్యి మీదికెల్లి దించెదాంక బండి కదలద్దు” అంది.

కొమురయ్య సీటులోంచి లేచాడు. “అవ్వా, గిది మన ట్రాక్టరే. గీళ్లంత తెలంగాణ కోసమే ఉరికిన్రు.”

“మనదైతె అందరికంటె ముందుగాల్ల ఆగాలె.”

ట్రాలీలోని కుర్రవాళ్లు గొల్లుమన్నారు. కొమురయ్య తల గోక్కొని, మరి ఎప్పుడు దించుతావని అడిగాడు.

“పప్పు ఉడకలే” అంది లచ్చవ్వ. అంటూనే పక్కనున్న బిందె ఎత్తి, వెన్నలా ఉడికిన ఆ పప్పులో సగం బిందె నీళ్లు పోసింది. తెర్లుతున్నది తెర్లుతున్నట్టే చల్లబడింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పొయ్యిలోంచి రెండు కట్టెలు వెనక్కి లాగారు.

నేను అవతలి పక్కన నిలబడి ఇదంతా చూశాను. వంటావార్పుతో ట్రాక్టరును ఆపడం న్యాయమా, అది పరుగు నియమాలకు విరుద్ధమా అని నాలోని పరీక్షాధికారి ప్రశ్నించాడు. ట్రాక్టరు దాటలేదు, గేటు మూయలేదు, వంటావార్పు దగ్గర ఏ బండీ కదలరాదన్నది ఆనాటి కట్టుబాటు. ఎటు చూసినా నియమం చెక్కుచెదరలేదని తీర్పు చెప్పుకొని, సోమ్లా వెంట నడిచాను.

మిగిలిన దారిలో ఎండ మండింది. మానేరు విడిచి చలివాగు గట్టు ఎక్కాము. నడుస్తూ, నాలుగడుగులు పరుగెత్తుతూ, మళ్లీ నడుస్తూ సాగాము. నా పిక్కలు కూడా రాళ్లయ్యాయి. ఇద్దరమూ వెనుక నుంచి వచ్చే చప్పుడు కోసమే చెవులు రిక్కించాము. ఒక బుల్లెట్టు బండి చప్పుడుకు ఒకసారి, నీళ్ల మోటారు చప్పుడుకు ఒకసారి ఉలిక్కిపడి పరుగెత్తాము. ఊరి మొదటి ఇళ్లు కనబడినప్పుడు అసలు చప్పుడే వినబడింది. ఆ ఇంజను ఏదో ఇద్దరికీ తెలుసు. పాటలూ వినబడ్డాయి. దుమ్ము లేపుకుంటూ ట్రాక్టరు గట్టు మలుపు తిరిగింది.

బడి గేటు ఇంకా రెండు చేల దూరంలో ఉంది. సోమ్లా ఆగి, వంగి, రెండు చేతులతో మోకాలు పట్టుకున్నాడు. నేను చేయి చాపాను. ఆయన తీసుకోలేదు. ట్రాలీలో పాట ఆగిపోయింది. కుర్రవాళ్లంతా లేచి నిలబడ్డారు.

అప్పుడు గేటు వైపు నుంచి ఈల వినబడింది. మా బడి మైదానంలో వేల సార్లు విన్న ఆ ఈలను నేను ఎక్కడైనా గుర్తుపడతాను. దేవ్లి గేటు నడుమ నిలబడి, బుగ్గలు పూరించి, ఆగకుండా ఊదుతోంది. లయ లేదు, పద్ధతి లేదు. ఊపిరి తీసుకోవడానికి మాత్రమే ఆపుతోంది. సోమ్లా తల ఎత్తాడు. ఈల ఊదితే పరుగెత్తాలని జీవితమంతా పిల్లలకు నేర్పినవాడు, తనకోసం ఊదిన ఈల వినగానే నిటారుగా నిలబడి పరుగెత్తాడు. అది కుంటు పరుగే; అయినా పరుగే. నేను ఆయన వెనుక పడ్డాను, నిజంగానే వెనుకబడ్డాను. ఆయన గేటు దాటిన తరువాతే నేను దాటాను. ఆ తరువాతే ట్రాక్టరు లోపలికి వచ్చింది.

దేవ్లి ఈల నోట్లోంచి జారవిడిచి, ఆయన ముందు కూర్చొని, మోకాలు రెండు చేతుల్లోకి తీసుకొని, తమ భాషలో ఏదో అంది. ఏమందని తరువాత అడిగితే, “నాతోని గాదు సారూ, మోకాలుతోని మాట్లాడింది. మంచిగ తెచ్చినవని జెప్పింది” అన్నాడు సోమ్లా. అని ముఖం అటు తిప్పుకున్నాడు.

ట్రాలీలోంచి మొదట దిగింది లచ్చవ్వ. ఆవిడ వెంట, నలుగురు కుర్రవాళ్లు మోస్తుండగా, పప్పు బగోనె దిగింది. కట్టుబాటు ప్రకారం బండిని ఆపింది కనుక, అంతసేపు ఆగిన వాళ్లకు పెట్టి మిగిలినది ఇక్కడివాళ్లకూ పెట్టాలని తీసుకొచ్చిందట. గేటు మూసి, అందరం బడి ఆవరణలో బంతిలో కూర్చున్నాము. పప్పు చారు కంటే పల్చగా ఉంది. విస్తరిలో అన్నం దాటి పరుగెత్తింది. సోమ్లా దాన్ని చూసి, పప్పు జర పల్చగైంది అవ్వా అన్నాడు.

“ఉడకాలె గద బిడ్డా” అంది లచ్చవ్వ.

చివరి మలుపు నుంచి అంత మెల్లగా ఎలా వచ్చావని నేను కొమురయ్యను అడిగాను. అతను విస్తరి మీంచి తల ఎత్తలేదు. “ఫస్టు గేరే సారూ” అన్నాడు.

ఆ తరువాత చాలా జరిగింది. సోమ్లా మోకాలికి అనుకున్నట్టే కోత పడింది. బాగానే నడుస్తున్నాడు, పరుగెత్తడం లేదు. రాష్ట్రం వచ్చింది, జిల్లాలు విడిపోయాయి. నేను ఒక జిల్లా, సోమ్లా ఒక జిల్లా, లచ్చవ్వ మరో జిల్లా అయ్యాము. ఉద్యమం గురించి పెద్ద పెద్ద సభల్లో, పెద్ద పెద్ద మాటల్లో చెప్పేవారు చాలామంది ఉన్నారు, అవి అవసరమే. నాకు మాత్రం ఆ రోజులు తలచుకుంటే, ఉడికిన పప్పులో నీళ్లు పోస్తున్న ఒక చేయి గుర్తుకు వస్తుంది. ఒక పూట వంటను పాడు చేసుకొని, పేరైనా తెలియని మనిషికి కాసింత వ్యవధిని ఇచ్చిన చేయి అది. ఆ ఈల సోమ్లాకు తిరిగి రాలేదు. అది దేవ్లి దగ్గరే ఉంది. భోజనం వేళకు చేను గట్టున నిలబడి ఊదుతుందట. ఎంత దూరాన ఉన్నా ఆయన వచ్చేస్తాడట.

మానేరు ఒడ్డున పరుగెత్తాలనుకునేవారు ఇప్పుడు భూపాలపల్లి వరకు బస్సులో వెళ్లి, అక్కడి నుంచి గంట ప్రయాణంలో టేకుమట్ల చేరవచ్చు. వానలు వెనుదీసి తంగేడు పూసే నెలలే మంచివి. నేను ఇవ్వగల సలహా ఒక్కటే. మీ పరుగు ఎన్ని గంటలు పడుతుందో లెక్క వేసుకున్నాక, దారిలోని ప్రతి ఊరికీ పది నిమిషాలు అదనంగా కలుపుకోండి. ఎవరైనా కూర్చోమంటే చాప మీద కూర్చొని, ఒక్క ముద్ద తిని, దండం పెట్టి లేవండి. మిమ్మల్ని వెనుక నుంచి తరుముకొచ్చేదాన్ని ఆపేవాళ్లు ఆ చాప దగ్గరే ఉంటారు.